నలభై ఒక్క పుస్తకాలు, ఒక్క కథ

కథ రాయడం రాక నేను నలభై ఒక్క పుస్తకాలు చదివాను. చదివానంటే, కొన్నాను. రెండింటికీ తేడా ఉందని తెలియడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

అన్నీ కథ ఎలా రాయాలో నేర్పేవే. ముప్పై రోజుల్లో రచయితని చేస్తానంది ఒకటి. ఇరవై ఒక్క రోజులు చాలంది ఇంకోటి. తొమ్మిది రోజులు కలిసొస్తాయి గదా అని రెండోది కూడా కొన్నాను.

నేను బస్సు కండక్టర్ని. పేరు కోటిలింగం. పదో తరగతి తర్వాత నాకు చదువు చెప్పినవి, ప్రయాణికులు సీట్ల మీద వదిలేసి పోయిన వారపత్రికలే. వాటిలో సీరియల్ ఎప్పుడూ మధ్య భాగమే దొరికేది. ముందు వారం ఏం జరిగిందో తెలియదు, వచ్చే వారం ఆ పత్రిక ఏ బస్సెక్కుతుందో తెలియదు. అందుకని నాకు కథంటే మధ్యలో ఉండేదేదో అని ఒక అభిప్రాయం. మొదలూ చివరా నేర్చుకుంటే రచయితనైపోవచ్చని పుస్తకాలు కొనడం మొదలుపెట్టాను.

రాయకముందే రచయితనని డిపోలో అందరికీ చెప్పేశాను. అదీ పొరపాటు.

కాశిం అన్న దాన్ని నమ్మాడు.

కాశిం అన్న డ్రైవరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇద్దరం ఒకే బండి మీద మూడేళ్లు తిరిగాం. ఆ మధ్య ఒకరోజు ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, వచ్చే నెలాఖరుకి నన్ను రిటైరు చేసి ఇంటికి పంపిస్తన్నారు. సభ పెడతారంట. శాలువాలూ దండలూ ఎట్టాగూ ఉంటై. నువ్వో కథ రాసుకొచ్చి చదువు. మన బండి మీద రాయి. రచయితవి గదా!"

"రాస్తా అన్నా" అన్నాను.

మన బండి మీద రాయమంటే ఉన్నది ఒకటే కథ. పంతొమ్మిదేళ్ల కింద, ఓబులమ్మ అనే ముసలామె సంచిలో కోడిపుంజుతో వెనక తలుపు నుంచి దిగుతోంది. ఒక కాలు నేల మీద, ఒక కాలు మెట్టు మీద. బండి కదిలింది. ఆమె పడింది. తుంటి ఎముక విరిగింది. ఆర్నెల్లు మంచంలో ఉండి లేచింది గానీ, బతికినన్నాళ్లూ కర్ర సాయంతోనే నడిచింది. విచారణ జరిగింది. కాశిం అన్నని నాలుగు నెలలు పనిలోంచి తప్పించి, తర్వాత కొండల అవతలి డిపోకి వేశారు. ఆయన పిల్లలు ఇక్కడి బడి మానుకుని అక్కడ చేరారు. నేను అదే బండి మీద ఉండిపోయాను.

విచారణలో నన్నూ ఒక ప్రశ్న అడిగారు. జవాబు చెప్పాను. అది తర్వాత.

కథ మొదలుపెట్టాను. కదల్లేదు. పుస్తకాలు తిరగేస్తే ఒకదాంట్లో 'ఎవరి కళ్లతో చూస్తే కథ ఆ రంగు తేలుతుంది' అని ఉంది. ప్రాణం లేచొచ్చింది. ఓబులమ్మ కళ్లతో రాశాను. కాశిం అన్న కళ్లతో రాశాను. విచారణకొచ్చిన ఆఫీసరు కళ్లతో రాశాను. స్టేజీ రేకుల మీద కూచున్న కాకితో చెప్పించాను. సంచిలో కోడిపుంజుతో చెప్పించాను. బస్సుతోనే చెప్పించాను. చివరికి డ్రైవరు అద్దం పైన మూడు మతాల దేవుళ్లూ ఒకే స్టిక్కరు మీద ఉంటారు చూడండి, వాళ్లని కూడా పిలిపించాను. ముగ్గురూ ఒక్క మాట మీదికి రాలేదు.

ఏడు ప్రతులు. ఏడూ మొదటి పేజీలో లేచి నిలబడి, రెండో పేజీలో పడుకున్నాయి.

సభకి ఇంక ఇరవై రోజులున్నాయి. నాకు రాయడం రాకపోవడం కారణం కాదనీ, నేను కొన్న పుస్తకాలు సరైనవి కావనీ తేల్చుకున్నాను. నలభై ఒక్క పుస్తకాల్లో ఏది సరైనదో చెప్పగలిగిన మనిషి చీరాలలో ఒక్కరే ఉన్నారు. సలోమమ్మగారు.

ఆవిడ ముప్పై మూడేళ్లు గ్రంథాలయంలో బైండరుగా పనిచేశారు. చిరిగిన పుస్తకాలు కుట్టడం, అట్టలు వేయడం. మధ్యలో ఎప్పుడు తీరిక చేసుకున్నారో గానీ యాభై కథలు రాశారు. ఇప్పుడు ఇంటి వసారాలోనే కుట్టుపని చేస్తుంటారు. కథలు రాద్దామనుకునేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఆవిడ వాళ్లకి ఏమీ చెప్పరని అంటారు. అయినా వస్తారు.

ఆటోలో రెండు గోతాలు వేసుకుని వెళ్లాను.

"ఏంది నాయనా, ఇల్లు ఖాళీ చేస్తున్నావా?" అన్నారు.

"కాదమ్మా. ఇవన్నీ కథ ఎలా రాయాలో చెప్పే పుస్తకాలు. వీటిలో ఏది మంచిదో మీరు చెబితే, అదొక్కటి పట్టుకుని మిగతావి వదిలేస్తా."

"కింద పొయ్యి."

గచ్చు మీద పోశాను. వసారా అంతా మైదా జిగురు వాసన. పురుగు పట్టకుండా ఆవిడ అందులో మైలుతుత్తం కలుపుతారు, జిగురు కాస్త నీలంగా ఉంటుంది. ఆ నీలం ఆవిడ గోళ్లలో కూడా ఉంది.

ఒక పుస్తకం తీసుకున్నారు. పేరు చూడలేదు. తెరవనూ లేదు. పేజీలు విప్పే వైపు అంచుని వెలుతురుకి తిప్పి చూశారు.

"ఇరవై రెండు" అన్నారు. పక్కన పెట్టారు.

ఇంకోటి తీశారు. "పద్దెనిమిది."

ఇంకోటి. "ఇదీ అంతే. ఇరవై."

నాకు అర్థం కాలేదు. మార్కులేస్తున్నారనుకున్నాను. నూటికయితే అన్నీ తప్పినట్టే.

"ఇదేదో కాస్త దూరం పోయింది. నలభై నాలుగు. ఇందులో బొమ్మలున్నాయా?"

"ఉన్నయ్యమ్మా" అన్నాను.

"అదీ సంగతి."

"ఏంటమ్మా ఆ అంకెలు?"

"నువ్వు ఆగిన పేజీలు." పుస్తకం నా ముందు పెట్టారు. అంచు మీద ఒక సన్నటి పట్టీ మాసి ఉంది, మిగతాదంతా తెల్లగా ఉంది. "ఏ పుస్తకం ఎక్కడిదాకా తిరిగిందో వేలి జిడ్డు చెబుతుంది. లైబ్రరీలో పెద్దపెద్దవాళ్ల పుస్తకాలు కుట్టా. వాళ్లు సభల్లో చెప్పేది ఒకటి, అంచు చెప్పేది ఒకటి."

నా మొహం కూడా ఏదో చెప్పి ఉండాలి. ఆవిడ నవ్వారు.

"సిగ్గెందుకులే. నలభై ఒక్క పుస్తకాల్లో కలిపి నువ్వు చదివింది ఒకటే పాఠం. కథ ఎట్టా మొదలుపెట్టాలి."

"మొదలు కుదిరితే సగం అయినట్టే అంటారు గదమ్మా."

"అయితే ఈపాటికి ఇరవైన్నర కథలు కావాలే. ఏవీ?"

డ్యూటీలో ఇలాంటి మాటలు నేను అంటాను, ప్రయాణికులు పడతారు. మొదటిసారి అటువైపు కూచున్నాను.

"మీరు ఏది చదివారమ్మా? రాయడం నేర్చుకునేటప్పుడు?"

లోపలికెళ్లి ఒక పాత పుస్తకం తెచ్చారు. అది చూసి నేను ఆశ్చర్యపోయాను. పాతకాలపు అచ్చు. కాయితాలు మడిచి కుట్టేసి, మడతలు కోయకుండా అమ్మినది. చదివేవాడే కత్తితో కోసుకోవాలి. అందులో అక్కడక్కడ కొన్ని మడతలు కోసి ఉన్నాయి. చాలావరకు అలాగే అంటుకుని ఉన్నాయి.

"బైండరు ఇంట్లో కోయని పుస్తకమా!"

"నలభై ఏళ్లుగా ఉంది. ఇది చూడు." ఒక చోట తెరిచారు. "ఒక కథలో అత్తా కోడలూ పోట్లాడుకుంటుంటే, ఇద్దరిదీ ఒకే గొంతైపోయింది. ఎవరు ఎవర్ని తిడుతున్నారో నాకే తెలియలా. అప్పుడు మాటల మీద ఉన్న ఈ పాఠం కోశా. ఆరు పేజీల్లో ఒక వాక్యం పనికొచ్చింది. మూసేశా." ఇంకోచోట తెరిచారు. "ఇది ఇంకో కథ అప్పుడు. పదేళ్ల కాలాన్ని నాలుగు లైన్లలో దాటించాల్సొచ్చింది."

నేను మొదటి పేజీల దగ్గర చూశాను. 'కథారంభం' అని ఉంది. ఆ మడత మీద కత్తి పడనే లేదు.

"ఇది కోయలేదేంటమ్మా?"

"మొదలుపెట్టాకే గదా నాయనా ఇరుక్కునేది."

నా కన్ను ఆ పుస్తకం మీద పడింది. నలభై రెండోది. "ఇది నాకిస్తారా? చదివిచ్చేస్తా."

"ఇందులో కోసినవన్నీ నా జబ్బులకి మందులు. నువ్వు మింగితే ఏమొస్తుంది? నీ జబ్బేందో చూపించు."

సంచిలోంచి ఏడు ప్రతులూ తీసిచ్చాను. ఇవ్వకముందు కాశిం అన్న ఫోను సంగతీ, సభ సంగతీ చెప్పాను. మిగతాది కథల్లోనే ఉంది కదా అనుకున్నాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. వరసగా ఏడూ. నేను మధ్యలో రెండుసార్లు టీ పెట్టాను. రెండోసారి పంచదార ఎక్కడుందో అడగాల్సిన పని లేకపోయింది. ఒకచోట ఆవిడ గట్టిగా నవ్వారు.

"పుంజు బాగుంది" అన్నారు.

"దానికి రెండు పుస్తకాలు చూశానమ్మా" అన్నాను, గర్వంగానే.

ఏడోది అయిపోయాక కళ్లజోడు తీసి, కాయితాలు సర్దుతూ అడిగారు.

"బండి ఎట్టా కదిలింది?"

"కాశిం అన్న తీశాడమ్మా."

"ఊరికే ఎందుకు తీస్తాడు? నేనూ బస్సులెక్కినదాన్నే. డబుల్ బెల్లు పడకుండా డ్రైవరు గేరు మీద చెయ్యేస్తాడా?"

నేను టీ గ్లాసులు తీసి ఒక పక్కన పెట్టాను.

"కాకి చెప్పినదాంట్లో బెల్లు లేదు. పుంజుకి వినపళ్లా. దేవుళ్లు ముగ్గురున్నారు, వాళ్లలో ఒక్కరికీ వినపళ్లా. పోనీ బస్సు సంగతేంది? దాని కడుపులో మోగేది దానిక్కూడా వినపళ్లేదా?"

అప్పుడే తీసిన గ్లాసుల్ని మళ్లీ తీసి ఇంకో పక్కన పెట్టాను.

ఆవిడ పక్కనున్న తెల్లకాయితాల దొంతరలోంచి కొన్ని తీసి మడిచారు. నా ఏడు ప్రతుల్నీ మడిచి, మూడు ఒకవైపు, నాలుగు ఒకవైపు పెట్టి, మధ్యలో ఆ తెల్లకాయితాలు దూర్చారు. దబ్బనంతో పొడిచి, దారం ఎక్కించి, అన్నిటినీ కలిపి కుట్టేశారు. దారం పళ్లతో కొరికి, నా చేతికిచ్చారు.

"మధ్యలో ఈ ఖాళీ కాయితాలేంటమ్మా?"

"ఆ బండిలో ఒకాయన మొదట్నించీ నిలబడే ఉన్నాడు. ఆయనకి సీటు."

నేను తలెత్తలేదు.

"పదహారు పేజీలున్నై" అన్నారు మామూలు గొంతుతో. "గోతాలు ఇక్కడే ఉండనీ. రాస్తూ ఎక్కడన్నా ఆగితే వచ్చి, ఆగిన చోటు చెప్పు. దానికి తగ్గది ఇందులో ఉంటే వెతికిస్తా."

ఇంటికొచ్చి నాలుగు రోజులు ఆ కుట్టు పుస్తకాన్ని తెరవలేదు. అయిదో రోజు, వారపు సెలవు, పొద్దున్నే కూచున్నాను. చేతి కింద నలభై ఒక్క పుస్తకాల్లో ఒక్కటీ లేదు. ఎలా మొదలుపెట్టాలో తెలిసిన పద్ధతులన్నీ ఒకసారి గుర్తుచేసుకున్నాను. తర్వాత, 'నేను బెల్లు తాడు రెండుసార్లు లాగాను' అని రాశాను.

అది ఏ పద్ధతో నాకు తెలియదు.

ఆ రోజు సంత. బండి నిండా జనం. స్టేజీ వచ్చేసింది, నాకింకా టిక్కెట్లు కొట్టడం కాలేదు. నేను ముందు తలుపు దగ్గరున్నాను. ఎవరో 'రైట్ రైట్' అన్నారు. ఎవరన్నారో చూడలేదు, వెనక తలుపూ చూడలేదు. చెయ్యి పైకెత్తి తాడు లాగేశాను. అదీ జరిగింది.

అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. విచారణ గదిలో ఆఫీసరు అడిగాడు: "బెల్లు కొట్టావా?"

"కొట్టలేదు సార్."

కాశిం అన్న పక్కనే నిలబడి ఉన్నాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత ఆయన్ని అడిగారు, బెల్లు విన్నావా అని.

"విన్నట్టే అనిపించింది సార్. నా పొరపాటేమో" అన్నాడు.

ఇదంతా రాయడానికి వారం పట్టింది. కొట్టివేతలు పోను పద్నాలుగు పేజీలు. పదిహేనో పేజీలో ఆగిపోయాను. సభ ఇంక వారం రోజుల్లోకి వచ్చేసింది. చీరాల వెళ్లాను.

సలోమమ్మగారు ఏదో నిఘంటువుకి వీపు అతికిస్తున్నారు. చేతులు తుడుచుకుని పద్నాలుగు పేజీలూ చదివారు. బాగుందనలేదు. బాగాలేదనీ అనలేదు.

"ఎక్కడ ఆగావు?"

"చివర్లోనమ్మా. విచారణ అయిపోయింది. ఇద్దరం బయటికొచ్చాం. ఆయనే నాకు టీ ఇప్పించాడు. ఆ టీ తాగాక ఏం రాయాలో తెలియట్లేదు. అక్కడ ఆపితే కథ అయినట్టు లేదు. ఇంకా రాస్తే అబద్ధమవుతోంది."

ఆవిడ లేచి, గోతం దగ్గరికి వెళ్లి కాసేపు వెతికారు. ఒక పుస్తకం తీశారు. నాకు ఆశ్చర్యమేసింది. వెతికిస్తానని మాటవరసకి అన్నారనీ, పుస్తకాలు దండగని చెబుతారనీ అనుకుంటూ వచ్చాను నేను.

"ఇది రాసినాయనకి పని తెలుసు. చివరి పాఠం చదువు."

అది అంచు తెల్లగా ఉన్న వైపు. పేజీలు ఒకదానికొకటి అతుక్కుని, విప్పుతుంటే చప్పుడయింది. నేను ఆరేళ్ల కింద కొని, పంతొమ్మిదో పేజీ దగ్గర వదిలేసిన పుస్తకం. వసారా స్తంభానికి ఆనుకుని చదివాను. పది పేజీలు. అందులో ఒక వాక్యం దగ్గర ఆగి, పైకి చదివాను.

"'ఎవరికి ఏది తెలియాలో అది వాళ్లకి తెలిసిన చోట కథ ముగుస్తుంది.'"

"ఆఁ. నీ కథలో ఎవరికి తెలియాలి?"

"కాశిం అన్నకి. కానీ ఆయనకి తెలుసమ్మా. ఆ రోజే తెలుసు. బెల్లు ఆయన చెవి పక్కనేగా మోగేది."

"నువ్వు చెప్పగా తెలుసా?"

జిగురు గిన్నె మీద ఈగ వాలింది. ఆవిడ దాన్ని తోలారు.

నాకు ఒక్కసారిగా దారి కనిపించినట్టయింది. "అర్థమైందమ్మా. సభలో చదివేస్తా. ఆఫీసర్లుంటారు, డిపో అంతా ఉంటుంది. ఉద్యోగం ఏమైనా కానీ. అందరి ముందూ నిలబడి చదువుతా. ఆ చదవడమే ముగింపు."

చెబుతుంటే నా గొంతు నాకే బాగున్నట్టనిపించింది. మైకు కూడా కనిపించింది.

సలోమమ్మగారు జిగురు గిన్నె మీద మూత పెట్టారు.

"అందరి ముందూ నువ్వు చదివితే, పాపం ఆయనేం చెయ్యాలి? చప్పట్లు కొట్టాలి."

 ఎదురుగా దండలతో, శాలువాతో కుర్చీలో కూచున్న కాశిం అన్న కనిపించాడు. చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. విచారణ గదిలో చూసినట్టే నా వైపు ఒక్కసారి చూశాడు.

"ఆయన ఏ ఊళ్లో ఉంటాడు?" అన్నారు ఆవిడ.

"గుండ్లపాలెం."

"బస్సెన్నింటికి?"

"నాలుగూ పదికి."

గోడ గడియారం వైపు చూశారు. మూడున్నర దాటింది.

"అయితే లే."

లేచాను. కుట్టిన పుస్తకం ఒక చేతిలో ఉంది, ముగింపు పాఠం ఉన్న పుస్తకం ఇంకో చేతిలో ఉంది. రెండింటిలో ఏది తీసుకెళ్లాలో తెలియక ఆవిడ వైపు చూశాను.

ఆవిడ రెండూ తీసుకుని గచ్చు మీద పెట్టారు.

"ఉత్త చేతుల్తో పో నాయనా."